బోరు నీళ్లలో ఆర్సెనిక్: ఒకే బోరు, రెండు సీసాలు, రెండు అంకెలు

మొగలిపొద | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ జియాలజీ రెండో ఏడాది. ప్రాజెక్టు కోసం విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రానికి దగ్గరున్న ఊళ్లలో బోరు నీళ్లు పట్టి, వాటిలో ఆర్సెనిక్ అనే విషపదార్థం ఎంతుందో ల్యాబులో పరీక్ష చేయిస్తున్నాను. ఇప్పటికి 22 బోర్లు అయ్యాయి. ఒక బోరు దగ్గర మాత్రం రెండు సీసాలు పట్టాను. ఒకదాంట్లో అక్కడికక్కడే నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేశాను. ఆ రోజుకి ఆమ్లం అయిపోవడంతో రెండోది అలాగే మూత పెట్టి తెచ్చేశాను. ఆరు రోజుల తర్వాత ల్యాబుకి ఇచ్చాను.

ఫలితం: ఆమ్లం వేసిన సీసాలో లీటరుకి 7.1 మైక్రోగ్రాములు, వెయ్యని సీసాలో 1.4. ఒకే బోరు, ఒకే గొట్టం, రెండు నిమిషాల తేడా. ల్యాబు వాళ్లని అడిగితే రెండు అంకెలూ సరైనవే అంటున్నారు. సగటు తీసి రాసెయ్యమని ఒకరు సలహా ఇచ్చారు. నాకు మనసొప్పలేదు. ఆ బోరున్న ఇంటి పెద్దావిడ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి "మా నీళ్లు మంచివేనా అమ్మా?" అని అడిగారు. ఆవిడకి ఏ అంకె చెప్పాలి?

రెండో_అంతస్తు | సోమవారం, రాత్రి 10:15

నాకు కెమిస్ట్రీ తెలీదు, ఎంవీపీ కాలనీలో అపార్ట్‌మెంటులో ఉంటాం. ముందు ఒకటి చెప్పండి. 7 అంటే ఎక్కువా తక్కువా? మా బిల్డింగులో వంటకి కుళాయి నీళ్లు, మిగతా అన్నిటికీ బోరు నీళ్లే. ఎండాకాలం కుళాయి రాకపోతే బోరు నీళ్లే కాచి తాగుతాం.

పాత_ల్యాబు_మనిషి | సోమవారం, రాత్రి 10:52

రెండో అంతస్తు గారూ, మన దేశంలో తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం ఆర్సెనిక్ లీటరుకి 0.01 మిల్లీగ్రాము, అంటే 10 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే 10. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండా నీళ్లుంటే అందులో మొత్తం పది మిల్లీగ్రాములన్నమాట, చిటికెడు ఉప్పుకన్నా చాలా తక్కువ. అంత తక్కువ కాబట్టే పట్టే చేతిలో పొరపాటు జరిగితే అంకె తారుమారవుతుంది.

కాచడం గురించి. సూక్ష్మజీవులకైతే కాచాలి, ఆర్సెనిక్‌కి అది పనిచెయ్యదు. నీరు ఆవిరై తగ్గుతుంది, ఆర్సెనిక్ గిన్నెలోనే ఉండిపోతుంది కాబట్టి ఇంకా చిక్కబడుతుంది. అలాగని భయపడి ఈ రాత్రే బోరు కట్టెయ్యకండి. మీ కుళాయిలో వచ్చేది ఏలేరు, రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ లాంటి చోట్ల నిలవ చేసిన పైనీళ్లు. బోరు లోతులో రాళ్ల మధ్య ఏళ్ల తరబడి నానిన నీళ్ల సంగతి వేరు.

మొగలిపొద, తల్లీ, నాలుగు ప్రశ్నలు. సీసా ఏ రకం? ఆమ్లం వెయ్యని సీసా అడుగున ఏమైనా పేరుకుందా? ల్యాబు వాళ్లు సీసా కుదిపి తీశారా, పైనుంచి తేటగా ఉన్నది వంచుకున్నారా? శుద్ధ నీళ్లతో ఖాళీ నమూనా, అదే బ్లాంకు, పట్టావా?

మొగలిపొద | సోమవారం, రాత్రి 11:20

సీసాలు తెల్లటి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్‌వి, కొత్తవి. పది శాతం నైట్రిక్ ఆమ్లంలో ఒక రాత్రి నానబెట్టి, డీఅయనైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లతో కడిగాను. బోరు దగ్గర అదే నీళ్లతో మూడుసార్లు తొలిపి పట్టాను. మీరడిగాక ఇప్పుడే సీసా తీసి చూశాను మేస్టారూ. ఆమ్లం వెయ్యనిదాంట్లో అడుగున తుప్పు రంగు పొర ఉంది, గోడలకి కూడా అంటుకుంది. ల్యాబులో పైనుంచి తేటగా ఉన్నదే తీసుకున్నారట. బ్లాంకు పట్టలేదు.

ఎర్రమట్టి | మంగళవారం, ఉదయం 6:30

నీ జవాబు ఆ తుప్పు పొరలోనే ఉంది.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసే ఉంటావు. ఆ ఇసుక రేణువుల మీద ఎరుపు ఇనుప ఆక్సైడు పూత. ఆ పూతకి ఒక గుణముంది, పక్కనుంచి పోయే ఆర్సెనిక్‌ని పట్టి తనకి అతికించుకుంటుంది. భూమి లోపల గాలి తగలని చోట ఇనుము నీళ్లలో కరిగి ఉంటుంది, నీళ్లు తేటగా కనిపిస్తాయి. బోరు పైకి లాగి సీసాలో పోశాక ఆక్సిజన్ తగులుతుంది. ఇనుము తుప్పుగా మారి కిందికి దిగుతూ ఆర్సెనిక్‌ని తనతోపాటు లాక్కుపోతుంది. ఆరు రోజులు నిలవున్న సీసాలో ఇదే జరిగింది. ల్యాబు యంత్రం చూసింది మిగిలిపోయిన తేట నీళ్లని. ఆ నీళ్లలో 1.4 ఉన్న మాట నిజమే. కానీ అవి ఆ బోరు నీళ్లు కావు.

ఆమ్లం వేస్తే పీహెచ్ 2 కన్నా కిందికి దిగుతుంది, ఇనుము కరిగే ఉంటుంది, దాంతోపాటు ఆర్సెనిక్ కూడా. అందుకే ఆమ్లం అక్కడే వెయ్యాలి, ఇంటికొచ్చాక వేద్దామనుకోకూడదు. అలా వేసిన సీసా ఆరు నెలలున్నా పాడవదు.

పాత_ల్యాబు_మనిషి | మంగళవారం, ఉదయం 7:05

ఎర్రమట్టి గారి మాటతో ఏకీభవిస్తాను. అయినా 7.1 నిజమని ఇప్పుడే అనను. బ్లాంకు లేదు కదా. ఆర్సెనిక్ ఆ ఆమ్లంలోంచే వచ్చి ఉండొచ్చు. మామూలు రకం ఆమ్లంలో లోహాల మలినాలుంటాయి, ట్రేస్ మెటల్ గ్రేడు వాడాలి. డీఅయనైజ్డ్ నీళ్లు ఒక సీసాలో పోసి, బోరు దగ్గరికి తీసుకెళ్లి, అక్కడే మూత తీసి, అవే చుక్కల ఆమ్లం వేసి వెనక్కి తీసుకురా. అది సున్నా దగ్గర వస్తేనే నీ 7.1ని నమ్ముతాను.

ఇంకో అనుమానం. అది సముద్రపు ఒడ్డు. ల్యాబు యంత్రం ఐసీపీ-ఎంఎస్ (అణువుల భారాన్ని బట్టి మూలకాల్ని లెక్కపెట్టేది) అయితే, అందులో ఆర్గాన్ వాయువుంటుంది. నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే ఆర్గాన్, క్లోరిన్ కలిసి 75 భారమున్న అయాను తయారవుతుంది. ఆర్సెనిక్ భారమూ 75. యంత్రానికి రెండూ ఒకటే. ఉప్పు బోర్లలో లేని ఆర్సెనిక్ కనబడేది ఇలాగే. ఆ నకిలీ అయాన్లని అడ్డుకునే హీలియం కొలిజన్ సెల్ పెట్టి కొలిచారా అని అడుగు. ఆర్సెనిక్‌ని వాయువుగా మార్చే హైడ్రైడ్ పద్ధతిలో, అది పీల్చుకునే కాంతిని కొలిచే ఏఏఎస్ యంత్రం మీద చూస్తే ఈ గొడవ ఉండదు. నీ రెండు సీసాల్లో ఉప్పు ఒకటే కాబట్టి తేడాకి కారణం ఇది కాదు, కానీ రెండు అంకెలూ కలిసి పైకి జరిగి ఉండొచ్చు.

బోరుబండి | మంగళవారం, మధ్యాహ్నం 1:30

మీ ఆమ్లాల సంగతి నాకు తెల్దు. నాను పాతికేళ్లబట్టి గాజువాక, పెందుర్తి, ఆనందపురం అంతా బోర్లు దింపుతున్నాను. అమ్మా, మోటారెంతసేపు ఆడించి పట్టినావు? అది రోజూ ఆడే బోరా, మూలపడున్న బోరా?

ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకి ఆరున్నర లీటర్లు నీళ్లుంటాయి, ఇది గుర్తెట్టుకో. వంద అడుగుల నీళ్లుంటే 650 లీటర్లు గొట్టంలోనే నిలవున్నట్టు. ఆ నీళ్లు కేసింగు ఇనుము నాకి నాకి పాడైపోయుంటాయి, అవి బూమి నీళ్లు కావు. దానికి మూడింతలు తోడేసినాక వచ్చేదే అసలు నీరు. సిన్న మోటారైతే ముప్పావుగంట పడతాది. రోజూ ఆడే బోరైతే అంత అక్కర్లేదు. ఇంకోటి, ట్యాంకు కుళాయి దగ్గర పట్టకు. మోటారు పైపు మొదట్లో పట్టు. ట్యాంకు అడుగున ఎర్ర బురద ఎంతుంటాదో కడిగినోళ్లకి తెలుసు.

ఎర్రమట్టి | మంగళవారం, సాయంత్రం 5:10

బోరుబండి గారు చెప్పింది క్షేత్ర పుస్తకాల్లో ఉన్నదే, ఇంకా బాగా చెప్పారు. తోడేటప్పుడు పీహెచ్, వాహకత (నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో), ఉష్ణోగ్రత ఐదేసి నిమిషాలకోసారి రాసుకో. మూడుసార్లు వరసగా కదలకుండా ఉంటే అప్పుడు పట్టు. ట్యాంకు బురదలోకీ ఆర్సెనిక్ దిగుతుంది కాబట్టి ట్యాంకు నీళ్లలో తక్కువే వస్తుంది. ఆ ఇంటివాళ్లు తాగేది ట్యాంకు నీళ్లయితే అది కూడా విడిగా పట్టు. కానీ సీసా మీద "ట్యాంకు" అని రాయి.

స్టీలుసిటీ | మంగళవారం, రాత్రి 8:45

ఒక సందేహం, తప్పుగా అనుకోవద్దు. ఆర్సెనిక్ బెంగాల్ సమస్య కదా, గంగ తెచ్చిన ఒండ్రు మట్టిలోది. మనది ఖోండలైటు, చార్నకైటు అనే గట్టి రాయి. నల్గొండలో ఫ్లోరైడు ఉందంటే పళ్లు చూస్తే తెలుస్తుంది. ఇక్కడ ఆర్సెనిక్ కోసం అన్ని బోర్లు వెతకడం అవసరమా?

ఎర్రమట్టి | మంగళవారం, రాత్రి 9:20

అడగాల్సిన ప్రశ్నే. గట్టి రాయి ఉన్నంత మాత్రాన లేదని అనుకోలేం. ఛత్తీస్‌గఢ్‌లో రాజ్‌నంద్‌గావ్ వైపు కౌడికసా అనే ఊళ్లో రాతి నేలలోనే బావుల్లో ఎక్కువ ఆర్సెనిక్ 1999లో బయటపడింది. కర్ణాటకలో హట్టి బంగారు గనుల రాతి పట్టీలోనూ ఉంది. ఒండ్రు మట్టిలో ఇనుప పూత నుంచి విడుదలవుతుంది. గట్టి రాతిలో సల్ఫైడు (గంధకముండే) ఖనిజాల నుంచి రావొచ్చు. మనిషి చేతుల మీదుగానూ వస్తుంది: బొగ్గు బూడిదలో, గంధకముండే ఖనిజాలు కరిగించే చోట, పాత పురుగుమందుల్లో. విశాఖ చుట్టూ ఇలాంటి పనులు చాలా ఏళ్లుగా జరుగుతున్నాయి. ఉందని నేను అనడం లేదు. లేదని చెప్పాలన్నా కొలిచే చెప్పాలి. "లేదు" అన్న ఫలితం కూడా ఆ ఊరివాళ్లకి విలువైనదే.

ఖర్గపూర్_తెలుగు | బుధవారం, ఉదయం 5:50

మాది ఖర్గపూర్. మా తాత రైల్వే ఉద్యోగానికి శ్రీకాకుళం నుంచి వెళ్లారు. ఇప్పుడు సీతమ్మధారలో ఉంటున్నాను. పాతికేళ్ల వయసులో నదియా, ముర్షిదాబాద్ జిల్లాల్లో నీళ్లు పట్టే బృందంలో పని చేశాను. స్టీలుసిటీ గారి మాటకి నేను చూసింది చెప్పాలనిపించింది.

అక్కడ నీళ్లు చూడ్డానికి అద్దంలా ఉండేవి. వాసన లేదు, రుచి మామూలే. ఫ్లోరైడు పళ్ల మీద మరకగా కనబడుతుంది, ఇది ఏళ్ల తరబడి కనబడదు. తర్వాత అరిచేతులూ అరికాళ్లూ గరుకుగా బొడిపెలు కడతాయి, ఛాతీ మీద వాన చినుకులు పడ్డట్టు మచ్చలొస్తాయి. 1983లో కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో చర్మవైద్యుడు కె.సి. సాహా ఇలాంటి రోగుల్ని చూసి ఇది నీళ్లలోంచి వచ్చిన ఆర్సెనిక్ అని గుర్తించారు. ఆ తర్వాత జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో దీపాంకర్ చక్రవర్తి బృందం ఊరూరా తిరిగి నీళ్లు పట్టింది. పక్కన బంగ్లాదేశ్‌లోనూ ఇదే కథ, అక్కడివి 1970ల నుంచి చెరువు నీళ్ల విరేచనాలు తప్పించాలని మంచి మనసుతో వేసిన గొట్టపు బావులు. వాళ్ల ప్రమాణం 50. అది దాటిన పంపులకి ఎర్ర రంగు, దాటనివాటికి ఆకుపచ్చ వేశారు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఒకటుంది. మేము పట్టుకెళ్లిన నీళ్ల ఫలితాలు కొన్ని ఊళ్లకి తిరిగి చేరలేదు. ఒకావిడ రెండేళ్ల తర్వాత కనబడి "మా సీసా ఏమైంది బాబూ?" అని అడిగింది. ఆమెకి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. చెల్లెమ్మా, నువ్వు మజ్జిగ తాగిన ఇంటికి మళ్లీ వెళ్లు. అంకె ఏదైనా సరే.

ఒక జాగ్రత్త. నలుగురిలో చెప్పకు. ఆ రోగం ఉన్న ఇంటి పిల్లకి సంబంధాలు తప్పిపోవడం అక్కడ చూశాను. అంటురోగం కాదని ఎంత చెప్పినా వినేవారు కాదు. ఇంట్లో కూర్చుని, ఇంటివాళ్లకే చెప్పు.

రాత్రి_డ్యూటీ | బుధవారం, ఉదయం 7:15

నేను చర్మవ్యాధుల విభాగంలో పీజీ చేస్తున్నాను. ఖర్గపూర్ గారు వర్ణించిన లక్షణాలు అలాగే ఉంటాయి. ఏళ్ల తరబడి తాగితే చర్మం, మూత్రాశయం, ఊపిరితిత్తుల క్యాన్సర్లకీ దారితీస్తుంది. ఆ నీళ్లతో స్నానం చేస్తే, బట్టలు ఉతికితే చర్మం గుండా లోపలికి పోయేది చాలా తక్కువ. ప్రమాదం తాగడంలో, వండుకోవడంలో.

విశాఖ వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. ఎవరైనా భయపడి మూత్రంలో ఆర్సెనిక్ పరీక్ష చేయించుకుంటే, అంతకుముందు మూడు నాలుగు రోజులు చేపలు, రొయ్యలు, పీతలు మానెయ్యాలి. సముద్రపు చేపల్లో ఆర్సెనోబీటైన్ అనే రూపంలో ఆర్సెనిక్ ఉంటుంది, అది హానికరం కాదు. కానీ మొత్తం ఆర్సెనిక్ చూసే పరీక్షలో అంకె పెరిగిపోతుంది. వంజరం పులుసు తిన్న మర్నాడు పరీక్షకెళ్లి కంగారు పడితే నీళ్ల తప్పు కాదు.

మొగలిపొద | బుధవారం, రాత్రి 10:05

అందరికీ ధన్యవాదాలు. ఖర్గపూర్ అన్నయ్యగారి పోస్టు మా అమ్మకి చదివి వినిపించాను. శనివారం ఆ బోరుకి మళ్లీ వెళ్తున్నాను. ఒక సందేహం: 0.45 మైక్రాన్ ఫిల్టరు పట్టాలా, వద్దా? చదివిన చోటల్లా వేరువేరుగా ఉంది.

పాత_ల్యాబు_మనిషి | బుధవారం, రాత్రి 10:40

వద్దు. ఆ పెద్దావిడ ఫిల్టరు పట్టి తాగడం లేదు. గ్లాసులో ఏముందో ఆవిడ కడుపులోకి వెళ్లేది అదే. ఫిల్టరు లేకుండా ఆమ్లం వేసి మొత్తం ఆర్సెనిక్ చూడు.

ఎర్రమట్టి | బుధవారం, రాత్రి 11:15

ఇక్కడ మాత్రం మేస్టారితో విభేదిస్తాను. నీళ్లలో సన్నటి మట్టి ఉంటే ఆమ్లం ఆ మట్టిలోని ఆర్సెనిక్‌ని కూడా కరిగిస్తుంది. అప్పుడు రాతి పొరల్లో నీటి కథ తెలీదు. జియాలజీ ప్రాజెక్టుకి కరిగి ఉన్న ఆర్సెనిక్ కావాలి. బోరు దగ్గరే సిరంజి ఫిల్టరుతో వడగట్టి, ఆ తర్వాతే ఆమ్లం వెయ్యి. ఆమ్లం వేశాక వడగడితే లాభం లేదు.

పాత_ల్యాబు_మనిషి | గురువారం, ఉదయం 6:20

రెండు ప్రశ్నలు వేరని ఒప్పుకుంటాను. అయితే రెండూ పట్టనీ. ఆవిడకి వడగట్టనిది, థీసిస్‌కి వడగట్టినది. పీహెచ్ కాగితాన్ని సీసాలో ముంచకు, మూతలో కొంచెం పోసి ముంచి పారబొయ్యి. నైట్రిక్ ఆమ్లం స్కూటరు డిక్కీలో వదులుగా పెట్టకు. చుక్కల సీసాని ఇంకో డబ్బాలో పెట్టి తీసుకెళ్లు, చేతికి నైట్రైల్ గ్లవుజులు, కళ్లకి అద్దాలు.

స్టీలుసిటీ | గురువారం, మధ్యాహ్నం 2:00

ఇంత శ్రమెందుకు, ఆన్‌లైన్లో ఫీల్డు కిట్లు దొరుకుతున్నాయి కదా? కాగితం రంగు మారితే తెలిసిపోతుందిట.

పాత_ల్యాబు_మనిషి | గురువారం, మధ్యాహ్నం 3:30

జింకు పొడి, ఆమ్లం కలిపితే ఆర్సెనిక్ ఆర్సీన్ వాయువుగా పైకి లేచి, మెర్క్యురిక్ బ్రోమైడు కాగితాన్ని పసుపు నుంచి గోధుమ రంగుకి మారుస్తుంది. 100, 200 ఉన్న ఊళ్లలో మంచి బావిని చెడ్డ బావి నుంచి వేరుచెయ్యడానికి చాలా మేలు చేసిన పరికరమది. కానీ 7కీ 10కీ మధ్య రంగు తేడా మన కంటికి ఆనదు. ఆర్సీన్ చాలా విషం, కాగితంలో పాదరసం ఉంది. ఆరుబయట చెయ్యాలి, కాగితాలు చెత్తబుట్టలో వెయ్యకూడదు. ఇంట్లో పిల్లల ముందు చేసే పని కాదు.

మొగలిపొద | మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:10

ఫలితాలు నిన్న వచ్చాయి.

బోరుబండి అన్న చెప్పిన లెక్క ప్రకారం 50 నిమిషాలు మోటారు ఆడించాను. మొదటి పది నిమిషాలు వాహకత మారుతూనే ఉంది, 35వ నిమిషం నుంచి నిలబడింది. ల్యాబు వాళ్లు హీలియం సెల్‌లోనే కొలుస్తారట, అడిగి రాయించుకున్నాను. బ్లాంకులో యంత్రానికి అందనంత తక్కువ. వడగట్టకుండా ఆమ్లం వేసినది 7.4. వడగట్టి ఆమ్లం వేసినది 6.6. ట్యాంకు కుళాయి నీళ్లు 2.9.

ఇంకోటి కూడా చేశాను. ఆమ్లం వెయ్యకుండా ఒక సీసా పట్టి ఆరు రోజులు ఉంచాను. పైన తేట నీళ్లు 1.6. తర్వాత అదే సీసాలో ఆమ్లం వేసి, కుదిపి, ఒక రోజంతా ఉంచితే గోడల తుప్పు కరిగిపోయి నీళ్లు తేటబడ్డాయి. మళ్లీ కొలిపిస్తే 7.0. ఎర్రమట్టి గారన్నట్టు ఆర్సెనిక్ ఎక్కడికీ పోలేదు, సీసా గోడకే ఉంది.

అంటే మొదటి విడతలో నేను ఆమ్లం లేకుండా తెచ్చిన సీసాలు ఇంకా తొమ్మిది ఉన్నాయి, ఆ తొమ్మిది అంకెలూ కొట్టేశాను. మళ్లీ పట్టాలి.

ఈ ఉదయం ఆ ఇంటికెళ్లి చెప్పాను. ప్రమాణం 10, మీ బోరులో 7 చిల్లర, ట్యాంకులో 3 లోపు, ఇప్పటికి హద్దు లోపలే ఉంది, ఎండాకాలంలో మళ్లీ చూస్తాను అని. కాగితం మీద తెలుగులో రాసిచ్చాను. ఆవిడ దాన్ని దేవుడి పటం వెనక పెట్టారు.

రెండో_అంతస్తు | ఆదివారం, రాత్రి 7:00

చదువుతుంటే కళ్లు చెమర్చాయి. హద్దు లోపల ఉంటే ఇంక పూర్తిగా నిశ్చింతేనా?

పాత_ల్యాబు_మనిషి | ఆదివారం, రాత్రి 7:40

నిశ్చింత అనను, కంగారూ వద్దు. ఆ 10 అన్నది కొలవడానికీ తొలగించడానికీ సాధ్యమయ్యేదాన్ని చూసుకుని పెట్టిన తాత్కాలిక హద్దు. డెన్మార్క్ 5కి దించింది. వీలుంటే తాగడానికి కుళాయి నీళ్లు, మిగతా పనులకి బోరు. నేనైతే ఆ ఇంటివాళ్లకి ఇంకో మాట చెబుతాను: ట్యాంకు కడిగిన ఎర్ర బురదని కూరమళ్లలో పొయ్యొద్దు.

ఎర్రమట్టి | ఆదివారం, రాత్రి 8:15

మేలో ఒకసారి, అక్టోబరు, నవంబరు వానలయ్యాక ఒకసారి పట్టు. నీటిమట్టం మారితే లోపల గాలి తగిలే లోతు మారుతుంది, ఆర్సెనిక్ కూడా మారొచ్చు. తొమ్మిదింటిలో ఇనుము ఎక్కువున్న బోర్ల నుంచి మొదలుపెట్టు.

ఖర్గపూర్_తెలుగు | ఆదివారం, రాత్రి 8:50

తెలుగులో రాసిచ్చావు చూడు, అది మేము చెయ్యలేకపోయిన పని. ఆ కాగితం నమూనా ఇక్కడ పెట్టమ్మా, పేర్లు తీసేసి. వేరే ఊళ్లో పట్టేవాళ్లకి పనికొస్తుంది.

మొగలిపొద | ఆదివారం, రాత్రి 9:30

రేపు పెడతాను అన్నయ్యగారూ. ఈ శనివారం తొమ్మిది బోర్లకీ ఒకే రోజు వెళ్దామనుకుంటున్నాను. వాటిలో రెండిటికి ఇప్పుడు మోటారు కాలిపోయి ఉంది. ఆర్సెనిక్ ఏ రూపంలో ఉందో కూడా చూడాలంటే కొన్ని సీసాలు వెలుతురు తగలకుండా ఐసులో తేవాలి. ఎవరి దగ్గరైనా పెద్ద ఐసు డబ్బా ఉందా?

బోరుబండి | ఆదివారం, రాత్రి 9:45

మా తమ్ముడు హార్బరులో చేపలు ఎగుమతి సేస్తాడు, పెద్ద థర్మాకోల్ డబ్బాలున్నాయి. కొత్తదే ఇప్పిస్తాను, చేపలెట్టింది కాదు. శనివారం నాకు ఆనందపురంలో పని, బండిలోనే తీసుకొచ్చేస్తాను. రెండు బోర్లకి మోటారు కాలిపోయుందన్నావు కదా, నా పంపు దింపి తోడిస్తాను. పొద్దున్నే ఆరింటికి తగరపువలస సెంటర్లో ఉండమ్మా.